'మై ఆంటోనియా' నవలలో శిల్పం గురించి పరీక్షలో ఎలా రాయాలి?

ఎంఏ ఇంగ్లీషులో అమెరికా రచయిత్రి విల్లా క్యాథర్ నవల 'మై ఆంటోనియా' ఉందని, అందులోని ఉపమలు, ప్రతీకలు, కథన పద్ధతి గురించి పెద్ద ప్రశ్న వస్తే ఎలా రాయాలని అడిగారు. నేనూ ఇదే నవల మీద పరీక్ష రాసినవాణ్ణే. అప్పట్లో మా చేతికొచ్చిన నోట్సులో "నాగలి శ్రమకు ప్రతీక, పాము చెడుకు ప్రతీక" అంటూ ఒక పట్టిక ఉండేది. అది బట్టీపట్టి రాశాను, పాసయ్యాను. నవల మాత్రం నాకు అందలేదు. ఉద్యోగం మీద అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ఉన్న రోజుల్లో తీరిగ్గా మళ్ళీ చదివినప్పుడే అందింది. అందుకే చెప్తున్నాను, పట్టికతో మొదలుపెట్టకండి. ఒక్క సన్నివేశం పట్టుకోండి.

రెండో భాగం పద్నాలుగో అధ్యాయం తీయండి. ఏటి ఒడ్డున పిక్నిక్. కథ చెప్పే జిమ్ బర్డెన్, ఆంటోనియా, పట్నంలో పనికి కుదిరిన వలస రైతుల ఆడపిల్లలు. బంగారు నగరాల కోసం వెతుక్కుంటూ వచ్చిన స్పానిష్ యోధుడు కొరొనాడో కథ జిమ్ చెబుతాడు. అక్కడికి ఉత్తరాన ఒక రైతు బీడు దున్నుతుంటే స్పానిష్ అక్షరాలున్న కత్తి దొరికిందట. కొరొనాడో చివరికి ఆ అడవుల్లోనే గుండె పగిలి చనిపోయాడని పాఠ్యపుస్తకంలో ఉంది అంటాడు జిమ్. అలా పోయింది ఆయనొక్కడే కాదులే అంటుంది ఆంటోనియా దిగులుగా. తండ్రి పేరు ఎత్తదు. యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చి, మొదటి చలికాలంలోనే ప్రాణం తీసుకున్న తండ్రి ఆ ఒక్క మాటలో ఉన్నాడు.

సరిగ్గా ఆ తర్వాతే పొద్దు గుంకుతుంది. దూరాన మెరక పొలంలో ఎవరో వదిలేసిన నాగలి, దాని వెనక సూర్యబింబం. మేడి, నొగ, కర్రు అన్నీ ఆ ఎర్రటి గుండ్రంలో నల్లగా, ఎంతో పెద్దవిగా కనిపిస్తాయి. వీళ్ళు చూస్తూండగానే బింబం కిందికి జారిపోతుంది. నాగలి మళ్ళీ చిన్నదైపోయి, ఆ మైదానంలో ఎక్కడుందో కూడా తెలియకుండా పోతుంది.

కత్తి, గుండె పగిలిన మాట, నాగలి. ఈ మూడూ ఇదే వరసలో రావడమే క్యాథర్ పనితనం. నాగలిని ఒక్కదాన్నే విడదీసి "ప్రతీక" అని రాస్తే ఇదంతా జారిపోతుంది. ఇంకా ముఖ్యమైనది, బింబం దిగిపోగానే నాగలి చిన్నదైపోవడం. చాలామంది ఆ వాక్యం దాకా రారు. వెనక వెలుగున్నంతసేపే నాగలి అంత పెద్దది. నా దృష్టిలో ఈ నవల కథన పద్ధతి మొత్తం అదే. ఆంటోనియాకు వెనక నిలబడ్డ వెలుగు జిమ్ జ్ఞాపకం.

ఇక్కణ్ణుంచి కథకుడి దగ్గరికి వెళ్ళండి. ఉపోద్ఘాతంలో జిమ్, రైల్వే కంపెనీ లాయరు, తన రాతప్రతి మీద ముందు 'ఆంటోనియా' అని రాస్తాడు. కాసేపు ఆలోచించి దానికి ముందు 'మై' చేరుస్తాడు. మనం చదవబోయేది ఆమె కథ కాదు, అతని మనసులో మిగిలిన ఆమె అని రచయిత్రి మొదట్లోనే చెప్పేసిందన్నమాట.

ఉపమలకు గడ్డి చాలు. పదేళ్ళ జిమ్ వర్జీనియా నుంచి నెబ్రాస్కా వచ్చి, సముద్రానికి నీళ్ళెలాగో ఈ నేలకు ఎర్రగడ్డి అలా అనుకుంటాడు. గడ్డి కింద అడవిదున్నల మందలు పరుగెడుతున్నట్టు ఉందంటాడు. క్యాథర్ పెరిగిన రెడ్ క్లౌడ్ ఊరికి ఒక అక్టోబరులో వెళ్ళాను. ఊరికి దక్షిణంగా, ఎన్నడూ నాగలి తగలని ఆరువందల ఎకరాల పైచిలుకు గడ్డినేలను ఆమె పేరున కాపాడుతున్నారు. గాలి వస్తే గడ్డి ఊగడం కాదు, నేలే కదిలినట్టుంటుంది. కాళ్ళు ఆన్చి నిలబడాల్సి వచ్చింది నాకు. ఆ పోలిక అలంకారం కోసం వేసింది కాదు, చూసి రాసింది.

నాకు ప్రాణమైన చోటు మాత్రం మొదటి భాగం పదో అధ్యాయం. ఆంటోనియా తల్లి, తిండికే కటకటగా ఉన్న ఇంట్లోంచి, చిన్న సంచీలో ఏవో ఎండిన ముక్కలు తీసి అపురూపంగా జిమ్ నాయనమ్మకు ఇస్తుంది. అవేమిటో తెలియక నాయనమ్మ వాటిని పొయ్యిలో పడేస్తుంది. జిమ్ ఒక్కటి కొరికి చూస్తాడు. బొహీమియా అడవుల్లో ఏరి, అంత దూరం మోసుకొచ్చిన ఎండు పుట్టగొడుగులని ఎన్నో ఏళ్ళకు గాని అతనికి తెలియదు. సప్త సముద్రాల అవతలికి ఊరగాయ జాడీ మోసుకెళ్ళిన ఇళ్ళవాళ్ళం, ఆ సంచీ విలువ మనకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఉపమ లేదు, విశేషణం లేదు. వస్తువే మాట్లాడుతుంది. ఇది రాస్తే మీ జవాబు మిగతావాళ్ళ జవాబులా ఉండదు.

రష్యా నుంచి వలస వచ్చిన పావెల్, పీటర్ల తోడేళ్ళ కథను కథలో కథగా రెండు వాక్యాల్లో ముగించండి. రోమన్ కవి వర్జిల్‌ను మాత్రం వదలకండి. మంచి రోజులే ముందుగా పారిపోతాయన్న ఆయన వ్యవసాయ కావ్యంలోని పాదం నవల ముఖపత్రం మీదే ఉంది. లింకన్ పట్నంలో చదువుకుంటూ జిమ్ ఆ పాదం దగ్గరే ఆగి ఉండగా, పిక్నిక్‌లో ఉన్న ఆడపిల్లల్లో ఒకతైన లీనా వచ్చి తలుపు తడుతుంది.

చివరి భాగంతో ముగించండి. ఇరవై ఏళ్ళ తర్వాత జిమ్ వెళ్ళేసరికి ఆంటోనియాకు పళ్ళు ఊడిపోయాయి, జుట్టు నెరిసింది. పచ్చళ్ళు, పళ్ళు దాచుకునే నేలమాళిగ చూపిస్తుంది. బయటికి రాగానే, చీకట్లోంచి ఆమె పిల్లలంతా ఒక్కసారిగా ఎండలోకి ఉరికొస్తారు. నాగలి దగ్గర వెలుగు వెనక నుంచి పడింది, ఈసారి జీవం లోపలి నుంచే పొంగింది. రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదవండి, మీ జవాబు అక్కడే దొరుకుతుంది. టైం లేకపోతే మిగతావి వదిలేసినా, పుట్టగొడుగుల అధ్యాయంతో కలిపి ఈ మూడూ వదలకండి.