ఒకే తుపాకితో ఇల్లూ కాపాడుకుని, జింకనూ వేటాడవచ్చా?

ఏటా సంక్రాంతికి గుంటూరు వస్తే బ్రాడీపేటలో కాఫీ తాగుతున్నా, లక్ష్మీపురంలో పెళ్లికి వెళ్లినా అమెరికా సందేహాలు నన్ను వదలవు. ఇదివరకు అవి ఆవకాయ విమానం ఎక్కనిస్తారా, కారు లైసెన్సు ఎన్నాళ్లకు వస్తుంది అన్నంతవరకే ఉండేవి. ఈసారి ఎక్కువమంది అడిగింది తుపాకి గురించి. డల్లాస్ దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరిన మన ఊరి అబ్బాయి అన్నిటినీ కలిపి ఒకే ప్రశ్న చేసి పంపాడు: "బాబాయ్ గారూ, ఇంటి భద్రత కోసం పిస్తోలు కొందామనుకుంటున్నాను. చేతికి హాయిగా ఉండేది ఏది? ఆఫీసులో వాళ్లు నవంబరులో జింకల వేటకు రమ్మంటున్నారు. అదే పిస్తోలు అక్కడికీ పనికివస్తుందా? జింకను చంపడం పాపం కాదా? నాన్నగారికి తెలిస్తే ఊరుకోరు."

పనికిరాదు నాయనా. ఇంట్లో పెట్టుకునే 9 ఎంఎం పిస్తోలు జింకను గాయపరచడానికి సరిపోతుంది కానీ, బాధ లేకుండా చంపడానికి కాదు. కొన్ని రాష్ట్రాల్లో పిస్తోలుతో వేటకు అనుమతి ఉన్న మాట నిజమే. దానికి వాడే తూటాల శక్తి వేరు, ఆ పని చేసేవాళ్ల సాధన వేరు. ఒక వస్తువు కొంటే రెండు పనులు జరగాలనే గుంటూరు లెక్క ఇక్కడ మానుకోవాలి.

అసలు ఎంపిక మొదలయ్యేది మీ వీసా దగ్గర, చెయ్యి సంగతి తరువాత. ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ల కుటుంబం), బీ-2 (చుట్టపుచూపు) అన్నీ వలసేతర వీసాలు, అంటే తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చేవి. వీటి మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్నారా, ఎవరైనా ఇచ్చారా అన్న తేడా లేదు. మినహాయింపుల్లో మనవాళ్లందరికీ తెలిసినది వేట లైసెన్సు. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఆ నిషేధం వర్తించదు. అందుకే జింకల జోలికి ఎన్నడూ వెళ్లని హెచ్-1బీ కుర్రాళ్లు కూడా ముందు వేట లైసెన్సు తీసుకుని, ఆ కాగితంతో తుపాకుల దుకాణానికి వెళుతుంటారు. చట్టం ఒప్పుకుంటుంది, నాకు మాత్రం నచ్చదు. లైసెన్సు గడువు దాటిన మర్నాడే అల్మారాలోని తుపాకి నేరమైపోతుంది. టెక్సాస్‌లో మామూలు వేట లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి. ఆ రోజున మీరు విజయవాడలో చెల్లెలి పెళ్లి పనుల్లో ఉన్నారని చట్టం జాలిపడదు. పైగా ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివి. ఇల్లినాయిలో తుపాకి యజమాని కార్డు కావాలి, న్యూజెర్సీలో కొనే ప్రతి పిస్తోలుకూ ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఆయుధాల కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించే వీలుంది. కాబట్టి నా సలహా, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగండి. ఆగలేనంటే ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫీజు ఇచ్చి అడగండి, రూమ్మేటును కాదు.

"అన్నయ్యా, నీ పేరు మీద తీసుకో, డబ్బు నేను పంపుతాను" అనే అలవాటు కూడా మనకు ఉంది. ఫోను కనెక్షన్లూ, కార్లూ అలా నడిచిపోతాయేమో. దుకాణంలో నింపే 4473 ఫారంలో మొదట అడిగే వాటిలో ఒకటి, అసలు కొనుగోలుదారు మీరేనా అని. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, ఒకాయన తన బంధువు డబ్బుతో బంధువు కోసం పిస్తోలు కొన్నాడు. ఇద్దరికీ తుపాకి ఉంచుకునే అర్హత ఉంది. అయినా ఫారంలో తానే కొంటున్నానని రాసినందుకు నేరం నేరమేనని కోర్టు తేల్చింది. ఇక అర్హతే లేని తమ్ముడి కోసం కొంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పిస్తోలు అసలు అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. పెట్రోలు బంకు, మోటెలు నడిపేవాళ్ల పరిస్థితి వేరు, వాళ్లకు నేను నీతులు చెప్పను. ఉద్యోగస్థుల ఇళ్లకు దొంగలు వచ్చేది ఎక్కువగా బంగారం కోసం, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఖాళీ ఇంట్లో పిస్తోలు ఉంటే బంగారంతో పాటు అదీ పోతుంది. నగలు బ్యాంకు లాకరులో పెట్టి, ఇంటికి అలారం, వాకిట్లో దీపాలు పెట్టించుకుంటే ఆ భయంలో చాలా భాగం తీరుతుంది. ఇంకో మాట చెప్పడానికి మనసు రాదు కానీ చెప్పాలి. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. లేఆఫ్ భయంతో నిద్రపట్టనివాళ్లు, మార్కుల ఒత్తిడిలో ఉన్న టీనేజి పిల్లలు ఉన్న ఇంట్లో తుపాకి వద్దని నా గట్టి అభిప్రాయం.

ఇవన్నీ దాటి కొనాలనే నిర్ణయించుకుంటే, దుకాణంలో అద్దాల వెనక మెరిసేదాన్ని చూసి మోజుపడకండి. చాలా షూటింగ్ రేంజిలలో రకరకాల పిస్తోళ్లు అద్దెకు దొరుకుతాయి. పక్కన శిక్షకుణ్ణి పెట్టుకుని కాల్చి చూడండి. పిడిని చెయ్యి నిండా పట్టినప్పుడు గొట్టం మీ ముంజేతితో ఒకే వరుసలో ఉండాలి. ఆ పట్టు కదలకుండా చూపుడువేలి కొసన ఉండే మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలు అందడానికి చెయ్యి పక్కకు జరపవలసి వస్తే ఆ పిస్తోలు మీకు పెద్దది. మిగతా మూడు వేళ్లూ పిడి మీద కుదురుకోవాలి. చిటికెన వేలికి చోటు లేకపోతే పట్టు చాలదు. వెనక భాగం మార్చి పిడి లావు తగ్గించుకునే వీలున్న మోడళ్లు చాలా ఉన్నాయి, అడిగి చూడండి.

భార్యది చిన్న చెయ్యి కాబట్టి చిన్న తుపాకి కొంటామంటారు చాలామంది. ఆ లెక్క తలకిందులు. ఒకే తూటాకు తేలిక తుపాకి ఎక్కువగా తన్నుతుంది, బరువైనది తక్కువగా తన్నుతుంది. హ్యాండుబ్యాగులో పట్టే తేలికపాటి రివాల్వర్ నాలుగుసార్లు కాలిస్తే అరచెయ్యి మండుతుంది, తరువాత ఆవిడ రేంజి వైపు రాదు. సాధన చెయ్యనివాళ్ల చేతిలో తుపాకి వాళ్లకే ప్రమాదం. కాస్త బరువుండి, నాలుగు అంగుళాల గొట్టం ఉన్న 9 ఎంఎం పిస్తోలు చాలామందికి సుఖంగా ఉంటుంది, తూటాలూ మిగతా వాటికంటే చవక. అంతకన్నా ముందు చిన్న తూటాలు కాల్చే .22తో నేర్చుకుంటే మోతకు కళ్లు మూసుకునే అలవాటు పడదు. బాగా బలమైన తూటాలు కాల్చే మాగ్నమ్‌ల జోలికి ఇప్పుడే వెళ్లకండి, అవి స్నేహితుల ముందు గొప్పకు తప్ప కొత్తవాళ్లకు పనికిరావు.

తూటా గొట్టంలోకి ఎక్కడానికి పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగాలి, దాన్నే స్లయిడు అంటారు. అది లాగలేకపోవడం ఆడవాళ్ల ఇబ్బందే అనుకుంటారు, అరవై దాటిన మగవాళ్లకూ అంతే. స్లయిడును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టండి, సులువవుతుంది. రివాల్వర్‌కు ఈ బాధ లేదు కానీ దాని ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, నొక్కేటప్పుడు గురి కదిలిపోతుంది. మొదటి పది తూటాలకు ఏ పిస్తోలైనా బాగానే అనిపిస్తుంది, యాభై కాల్చాక మణికట్టు చెప్పే మాట వినండి. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా రేంజిలో అడుగు పెట్టవద్దు. మెడ దాకా మూసి ఉన్న చొక్కా వేసుకోండి. పిస్తోలులోంచి ఎగిరిపడే ఖాళీ తొడుగు కాలుతూ ఉంటుంది, అది దుస్తుల్లో పడి మీరు గంతేస్తే చేతిలోని తుపాకి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంటికి వచ్చాక పిల్లల్ని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి, సీసం ధూళి అంటుకుని ఉంటుంది.

తాళం పడే పెట్టె పిస్తోలుతో పాటే కొనాలి, తరువాత కాదు. ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నల గురించి కూడా ఆలోచించండి. అమ్మ మొదటి వారంలోనే మీ అల్మారాలన్నీ సర్దుతుంది. నాన్నగారు బీ-2 మీద వచ్చిన మనిషి, సరదాకు చేతిలోకి తీసుకుని ఫోటో దిగినా పైన చెప్పిన నిషేధం ఆయనకూ వర్తిస్తుంది. పెట్టె ఉందని వాళ్లకు చెప్పండి, తాళం మాత్రం ఇవ్వకండి.

ఇక జింక. ఇక్కడ కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట జైలుకు పంపే నేరం. ఆ కళ్లతో అమెరికాను చూస్తే వేటగాళ్లంతా దుర్మార్గుల్లా కనిపిస్తారు. అక్కడి కథ వేరు. మాంసం అమ్మకానికి విచ్చలవిడిగా చంపడంతో తెల్లతోక జింకలు 1900 ప్రాంతంలో అయిదు లక్షలకో, అంతకన్నా తక్కువకో పడిపోయాయని అంచనా. అప్పుడే అమ్మకాన్ని అరికట్టారు, వేటకు కాలాలు పెట్టారు, ట్యాగులు (ఒక్కో జింకకు ఇచ్చే అనుమతి చీటీలు) పెట్టారు. 1937 చట్టంతో తుపాకులు, తూటాల మీద ఎక్సైజు పన్ను డబ్బును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించారు. ఇప్పుడు వాటి సంఖ్య మూడు కోట్ల దగ్గర ఉంటుందంటారు. తోడేళ్లు, కొండసింహాలు చాలాచోట్ల లేకుండా పోయాయి. జింకలు మరీ పెరిగిన చోట అడవిలో లేత మొక్క బతకదు, చలికాలంలో అవే ఆకలితో చస్తాయి, రాత్రిపూట కార్లకు అడ్డం పడతాయి. కాబట్టి ఎవరూ చంపకపోతే జింకలు హాయిగా ఉంటాయనుకోవడం అక్కడ నిజం కాదు.

అంత మాత్రాన ప్రతి వేటా ధర్మం అయిపోదు. జింక రూపంలో ఉండగా బాణం తగిలి పాండురాజును శపించిన కిందముడనే ముని మాటలు గుర్తు చేసుకోండి. జింకను వేటాడినందుకు నిన్ను తప్పుపట్టడం లేదు, జతకట్టిన వేళ కొట్టావు, అదే నీ తప్పు అంటాడు. వేటలో ధర్మం అంటే ఎప్పుడు, ఎలా అన్నదే. తమాషా ఏమిటంటే అమెరికాలో వేట జోరుగా సాగే నవంబరే చాలాచోట్ల జింకలు జతకట్టే కాలం. మగజింక ఒళ్లు మరచి తిరుగుతుంది, అందుకే దొరుకుతుంది. కిందముడు అక్కడ వేట అధికారి అయితే ఆ నెలలో ఒక్క ట్యాగూ ఇచ్చేవాడు కాదు. ఆ కాలానికి పిల్లలు తల్లిపాలు మాని ఉంటాయన్నది అక్కడివాళ్లు చెప్పే సమాధానం, అదీ కొట్టిపారేసేది కాదు.

దశరథుడి సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. నీటి చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు, మునికుమారుడు పోయాడు. అమెరికాలో వేట శిక్షణలో నేర్పే ముఖ్య సూత్రం ఇదే: లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో కళ్లారా చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టవద్దు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్లకు ఈ శిక్షణ తప్పనిసరి, మీ వయసువాళ్లంతా అందులోకే వస్తారు. మొదటి ఏడాది తుపాకి లేకుండా, నారింజరంగు చొక్కా వేసుకుని వాళ్ల వెంట నడిచి రండి. జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు గుండె, ఊపిరితిత్తుల చోట తగిలితేనే త్వరగా ప్రాణం పోతుంది. ఆ గురి మీద నమ్మకం లేకపోతే కాల్చకపోవడమే ధర్మం. గాయపడి పారిపోతే రక్తపు జాడ పట్టుకుని, చీకటి పడినా వెతకాలి. ఆ ఓపిక లేనివాడు వేటకు వెళ్లకూడదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన, కొసలకు చక్రాలుండే కాంపౌండ్ విల్లు లాంటిదే అక్కడ వేటకూ వాడతారు. ఆ అమ్మాయి గురి మనకు లేదు కనుక విల్లు సరదా బొమ్మల మీదే తీర్చుకోండి.

పాపమా అంటే, శాకాహారులు వద్దంటే నేను వాదించను. కానీ ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గర వరసలో నిలబడే మనం, తిండి కోసం ఒక్క జింకను శుభ్రంగా కొట్టి మాంసమంతా వాడుకునేవాణ్ణి పాపాత్ముడు అనలేం. కొమ్ములు గోడకు తగిలించడానికే చంపితే మాత్రం నాకు రోత. ఆఫీసువాళ్లు చిన్నబుచ్చుకుంటారని వెళ్లవలసిన పని లేదు. రాను అంటే వాళ్లేమీ అనుకోరు.

తెస్తే వండుకోండి, కొవ్వు తక్కువ మాంసం కాబట్టి సన్నటి మంట మీద చాలాసేపు ఉడకాలి, గోంగూరతో బాగుంటుంది. తూటా తగిలిన చుట్టుపక్కల ముక్క పారేయండి, సీసం తునకలు ఉంటాయి. తలకాయ కూర మాత్రం వద్దు. జింకల్లో మెదడును తినేసే ఒక వ్యాధి ఉంది, 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు, ఇప్పుడు చాలా రాష్ట్రాలకు పాకింది. మనుషులకు సోకిన రుజువు లేకపోయినా మెదడు, వెన్నుపాము తినవద్దనే చెబుతారు, వండినా ఆ వ్యాధికారకం చావదు. వ్యాధి ఉన్న ప్రాంతమైతే పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే తినండి.

మరొకటి. రేంజికి, వేటకు వాడిన సంచిని ఇండియా ప్రయాణానికి వాడకండి. సంచి అరలో మరచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లోనో గన్నవరంలోనో ఎక్స్‌రేలో కనిపిస్తే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక జరిగిందని కోర్టులో తేలవచ్చు, అప్పటికి మీ సెలవు అయిపోతుంది. ఆ సంచి గ్యారేజీలో ఉంచి, ఊరికి వేరేది తెచ్చుకోండి.