పది నెలల బాబుని డేకేర్‌లో వేయాలి, ఏది చూసి నమ్మాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. బాబుకి పదో నెల. ప్రసూతి సెలవు అయిపోయాక జీతం లేని సెలవు మీద ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను, వచ్చే నెల ఒకటో తారీఖున ఆఫీసుకు వెళ్లకపోతే ఉద్యోగం ఉండదు. ఇంటి లోను ఉంది, మానేసే పరిస్థితి లేదు. మా అమ్మ తెనాలిలో ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో తనే లేవలేకపోతోంది. అత్తగారు ఖమ్మంలో మామగారిని వదిలి రాలేరు, కానీ డేకేర్ అంటే "కన్నవాళ్లు ఉండగానే పిల్లాణ్ణి పరాయివాళ్ల పాలు చేస్తావా" అంటున్నారు. మావారు "నీకు ఏది బాగుంటే అది చెయ్యి" అంటారు, ఒక్క సెంటర్ చూడటానికీ రాలేదు. నేను రెండు చూశాను. ఒకటి పెద్ద బిల్డింగ్‌లో మూడో అంతస్తు, ఏసీ గదులు, ఫోన్లో కెమెరా చూసుకునే యాప్, గోడల నిండా బొమ్మలు. రెండోది మా వీధి చివర ఒకావిడ తన ఇంట్లోనే నడుపుతున్నారు, ఏడెనిమిది మంది పిల్లలు, బోర్డు కూడా లేదు. ఏది ఎంచుకోవాలో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఏసీ ఉంది, యాప్ ఉంది, బోర్డు లేదన్న సంగతి కూడా ఉంది. ఆ రెండు చోట్లా మీ బాబుని రోజంతా ఎత్తుకునేది ఎవరో మాత్రం లేదు. అందులో మీ తప్పేం లేదు. సెంటర్‌కి వెళ్తే ముందు గదిలో కూర్చోబెడతారు, మాట్లాడటానికి ఒక మేడమ్ వస్తుంది, ఫీజు కాగితం చేతిలో పెడుతుంది, పిల్లల్ని చూసుకునే ఆయా లోపలెక్కడో ఉంటుంది. పది నెలల పిల్లాడికి మాత్రం డేకేర్ అంటే ఆ ఆయానే. ఏడిస్తే ఎవరు వస్తారు, ఈరోజు వచ్చింది నిన్న ఎత్తుకున్న ఆవిడేనా, వాడికి కావలసింది ఇంతే.

కాబట్టి ఇంకోసారి రెండు చోట్లకూ వెళ్లి "మా బాబుని ఎవరు చూసుకుంటారు, ఆవిడతో కాసేపు మాట్లాడాలి" అని అడగండి. "అందరూ చూస్తారండీ, మీరేం వర్రీ అవకండి" అన్నారంటే ఎవరి మీదా బాధ్యత పెట్టలేదని అర్థం చేసుకోండి. ఆవిడ ఎన్నాళ్లుగా పనిచేస్తోంది, అంతకుముందు ఉన్నావిడ ఎందుకు మానేసింది అని కూడా అడగండి. ఈ పనిలో ఆయాలకు ఇచ్చేది చాలా తక్కువ, ఇంకో చోట కాస్త ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతారు, వాళ్లని తప్పు పట్టలేం. కానీ రెండు మూడు నెలలకో కొత్త ముఖం అంటే పిల్లాడు ప్రతిసారీ మొదటి నుంచి అలవాటు పడాలి. ఆయాలకు సరైన జీతం ఇచ్చి, మర్యాదగా చూసి, ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న చోటు దొరికితే ఫీజు కాస్త ఎక్కువైనా అక్కడికే వెళ్లమంటాను.

తర్వాత చూడాల్సింది ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది పిల్లలున్నారో. ఆఫీసుల్లో పెట్టే క్రెష్‌ల (ఉద్యోగుల పిల్లల్ని పగలు చూసుకునే చోట్ల) కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మూడేళ్ల లోపు పిల్లలు పది మంది ఉంటే ఒక కార్యకర్త, ఆమెకు తోడు ఒక సహాయకురాలు ఉండాలని ఉంది. అది కనీసం ఉండాల్సింది మాత్రమే. పాకే వయసు పిల్లల విషయంలో నలుగురికి ఒక మనిషి కూడా లేకపోతే నేనైతే వద్దంటాను, ఎందుకంటే ఒకరికి డైపర్ మారుస్తున్నంత సేపు మిగతావాళ్లు ఏం నోట్లో పెట్టుకుంటున్నారో చూసేవాళ్లు ఉండరు. వాళ్లు చెప్పిన లెక్క తీసుకోకండి, వంటావిడని, గేటు దగ్గర ఉండే ఆయన్ని కూడా కలిపి చెప్పేవాళ్లున్నారు. మీరు వెళ్లిన పూట గదిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్లు అన్నది మీరే చూసి లెక్కపెట్టుకోండి.

ఏ పూట వెళ్తారన్నది కూడా ముఖ్యమే. పొద్దున పదకొండింటికి, అదీ ముందే ఫోన్ చేసి వెళ్తే ఏ సెంటరైనా బాగానే కనిపిస్తుంది. అన్నాలు పెట్టే వేళకి ఒకసారి, సాయంత్రం పిల్లలూ ఆయాలూ అలసిపోయి చిరాకుగా ఉండే ఐదున్నరకి ఒకసారి చెప్పకుండా వెళ్లండి. అన్నం కుక్కుతున్నారా, వాడు మింగేదాకా ఆగుతున్నారా, ఒకే గిన్నె, ఒకే చెంచాతో నలుగురికీ పెడుతున్నారా, డైపర్ మార్చిన చేతులు సబ్బుతో కడుక్కున్నారా, ఏడ్చే పిల్లల ముందు ఫోన్ పెట్టి వదిలేస్తున్నారా, ఇవన్నీ పదిహేను నిమిషాలు ఓ మూల నిలబడితే తెలిసిపోతాయి. వేళ కాని వేళ తల్లిదండ్రులు లోపలికి రాకూడదు అనే సెంటర్ అయితే ఇక మిగతావేం చూడక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి. పిల్లల నిద్ర చెడుతుంది, పక్కవాళ్లు బెంగపెట్టుకుంటారు అని కారణాలు చెబుతారు, నిద్ర వేళ గది బయట నుంచి చూడనిస్తామంటే సరే, అసలు గడప దాటనివ్వమంటే కుదరదు.

నిద్ర గురించి విడిగా చెప్పాలి. ఏడాది లోపు పిల్లల్ని వెల్లకిలా, మెత్తటి దిండ్లూ బొంతలూ లేని గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి, పడుకున్నప్పుడు గదిలో ఒక మనిషి మెలకువగా ఉండాలి. పిల్లలందరూ ఒకేసారి చాలాసేపు కదలకుండా పడుకుంటున్నారంటే అనుమానించండి. దగ్గు మందో జలుబు మందో పోసి నిద్రపుచ్చే వాళ్లు ఉన్నారు, అది ఊపిరికే ప్రమాదం. మీరు రాసిచ్చి సంతకం పెడితే తప్ప చుక్క మందు కూడా వేయకూడదని మొదటి రోజే చెప్పండి.

ఇక మీరు చూసిన రెండింటి సంగతి. పెద్ద సెంటర్‌లో నాకు భయం ఆ మూడో అంతస్తే. నిప్పంటుకుంటే నడవలేని పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తుకుని దింపాలి, ఎంతమంది ఎత్తుకోగలరు, మెట్లు ఒకవైపేనా రెండోవైపు కూడా ఉన్నాయా, ఆ మెట్ల మీద సామాన్లు పేర్చి ఉన్నాయా, కిటికీలకి గ్రిల్ ఉందా అని అడగండి, వాళ్లకి జవాబు సిద్ధంగా ఉండాలి. కెమెరా యాప్ ఉండటం మంచిదే, కానీ బాత్రూం దగ్గర, డైపర్ మార్చే చోట కెమెరా ఉండదు, ఉండకూడదు కూడా. పైగా మీరు ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఎంతసేపు చూస్తారు? చూసినప్పుడల్లా వాడు ఏడుస్తుంటే మీకు టెన్షన్ పెరగడమే అవుతుంది. యాప్ ఉందని ఆయాల లెక్క చూడటం మానేయకండి.

ఇంట్లో నడిపే ఆవిడ విషయంలో చాలామంది తల్లులు బోర్డు లేదనే జంకుతారు. నేల మీద ఇల్లు, తక్కువమంది పిల్లలు, రోజూ అదే మనిషి, మీ ఇంటికి దగ్గర, ఇవి చిన్న విషయాలు కావు. అయితే అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు, పగలు ఎవరు వచ్చిపోతుంటారు, పిల్లలు ఏ గదుల్లోకి వెళ్తారు? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు, మంచి మనిషైతే ఏమీ అనుకోదు. ఆవిడకి జ్వరమొస్తే ఆ రోజు పిల్లల సంగతేంటి, సాయానికి రెండో మనిషి ఉందా? ఏడెనిమిది మందిలో మీవాడి ఈడు వాళ్లు ఎంతమంది, అందరూ పాకేవాళ్లయితే ఒక్కావిడ వల్ల కాదు. బాత్రూంలో నీళ్లు నింపిన బకెట్లు ఉన్నాయా చూడండి, అరబకెట్ నీళ్లు చాలు పాకే పిల్లాడి ప్రాణం పోవడానికి. వంటగదికి అడ్డం ఉందా, గ్యాస్ బండ దగ్గరికి వెళ్లగలరా, గేటు గడియ ఎప్పుడూ వేసి ఉంటుందా? ఇప్పుడు పిల్లల్ని పంపుతున్న తల్లుల్లో ఇద్దరితో మీరే సాయంత్రం గేటు దగ్గర నిలబడి మాట్లాడండి, ఆవిడ ఇచ్చిన నంబర్లకి ఫోన్ చేయడం కన్నా అది నయం. వీటికి సరైన జవాబులు వస్తే, మీ బాబు వయసుకి నేను ఈ ఇంటి వైపే మొగ్గుతాను. రాకపోతే రెండూ వదిలేసి మూడోది వెతకండి, రెండు చూశాను కదా అని అందులోంచే ఎంచుకోవాలని లేదు.

ఇంకో మాట, మీ ఆఫీసుని అడిగారా? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ చేసినప్పటి నుంచీ, 50 మందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోట క్రెష్ సౌకర్యం ఉండాలి, తల్లి రోజులో నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. చాలా కంపెనీలు సొంతంగా పెట్టకుండా దగ్గర్లోని సెంటర్‌తో ఒప్పందం చేసుకుంటాయి, అడిగితే గానీ చెప్పవు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు తీసుకునే హక్కు కూడా మీకుంది. హెచ్‌ఆర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టండి, నోటితో అడిగి ఊరుకోకండి. (ఫీజు కట్టలేని తల్లులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి, కేంద్రం పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీల్లో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకి క్రెష్ నడుస్తోంది, మీ దగ్గర ఉందేమో అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి.)

మీవారి సంగతి కొంచెం గట్టిగానే చెబుతున్నాను. "నీకు ఏది బాగుంటే అది" అనడం స్వేచ్ఛ ఇచ్చినట్టు వినిపిస్తుంది, నిజానికి రేపు ఏదైనా తేడా వస్తే ఆ నింద మీ ఒక్కరి మీదే పడేలా ఉంది అది. ఆయన్ని సలహా అడగకండి, పని చెప్పండి. సాయంత్రం ఐదున్నర విజిట్ ఆయన చేయాలి, మొదటి రెండు వారాల్లో సగం రోజులు దింపడమో తీసుకురావడమో ఆయన వంతు, బాబుకి జ్వరమొస్తే మొదటి సెలవు ఎవరు పెట్టాలో ఇప్పుడే మాట్లాడుకోండి. జ్వరం వస్తుంది మరి. మొదటి ఏడాది డేకేర్ పిల్లలకి జలుబులు ఎక్కువే, వానాకాలంలో చేతులకీ కాళ్లకీ నోట్లోనూ పొక్కులు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఒంట్లో బాగాలేని పిల్లల్ని ఇంటికి పంపేసే సెంటర్ మీద ఆ రోజు కోపం వస్తుంది గానీ మిగతా రోజుల్లో మీవాణ్ణి కాపాడేది ఆ పద్ధతే. టీకాలు వయసు ప్రకారం పడ్డాయో లేదో చూసుకోండి.

అత్తగారితో వాదించకండి. అక్కడ చెప్పాల్సింది ఆయనే, "అమ్మా, ఇది మేమిద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం" అని. ఆవిడ మాట వెనక మనవడి మీద ప్రేమ ఉంది, తను రాలేకపోతున్నానన్న బాధ కూడా ఉండొచ్చు. సెంటర్ ఖాయమయ్యాక ఒకసారి పిలిచి చూపించండి, చూసుకునే ఆవిడతో మాట్లాడించండి. తర్వాత రోజూ సాయంత్రం వీడియో కాల్లో మనవణ్ణి చూపించే పని కూడా మీవారికే అప్పజెప్పండి.

ఒకటో తారీఖు దాకా ఆగొద్దు, సోమవారం నుంచే మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు మీరు కూడా లోపల కూర్చోండి, తర్వాత గంట, ఆ తర్వాత అన్నం దాకా, అలా పెంచుకుంటూ పోండి. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా పిల్లలు అమ్మ కనపడకపోతే గట్టిగా ఏడుస్తారు, అది ఎదుగుదలలో భాగమే, మీరు తప్పు చేస్తున్నారని కాదు. వాడు ఆటలో పడ్డాడు కదా అని చెప్పకుండా జారుకోకండి, ముద్దుపెట్టి "సాయంత్రం వస్తా" అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్లండి. వాడు కప్పుకునే పాత దుప్పటో మీ చున్నీయో పగలు ఎత్తుకున్నప్పుడు చేతికివ్వమనండి, పడుకునే పరుపు మీద మాత్రం వద్దు. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, బయట నాలుగు గంటలే, మన ఎండల్లో అంతసేపు కూడా ఉంచకండి. వాడు తాగి వదిలేసినవి దాచకుండా పారబోయమని చెప్పండి. పల్లీలు, గింజలు, ద్రాక్ష లాంటివి గొంతుకు అడ్డం పడతాయి, పెట్టొద్దనీ చెప్పండి.

దింపేటప్పుడు ఏడుపు రెండు మూడు వారాలు ఉండొచ్చు, మీరు వెళ్లిన కాసేపటికి సర్దుకుంటున్నాడా లేదా అన్నదే చూడండి. కానీ నెల దాటినా ఒకరి చేతికి వెళ్లడానికి బెదిరిపోతున్నా, రోజూ మత్తుగా ఇంటికొస్తున్నా, డైపర్ దగ్గర ఒరుసుకుపోయి ఉంటున్నా, ఒంటి మీద దెబ్బ ఎలా తగిలిందంటే పూటకో మాట చెబుతున్నా, ఆ మర్నాడు పంపకండి. అడ్వాన్స్ పోతే పోయింది. ఎవరైనా హింసించారని అనుమానం వస్తే డాక్టర్‌కి చూపించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.