లెక్కలు చూసే తమ్ముడు టీ పెట్టుకోలేకపోతున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాడు. ఆటిజం ఉందని పెద్దయ్యాకే తెలిసింది. ఆఫీసు కొత్త చోటికి మారినప్పటి నుంచి, అంటే ఐదు నెలలుగా, ఇంటికి రాగానే చీకటి గదిలో పడుకుంటున్నాడు. మాట తగ్గింది. ఇదివరకు టీ తానే పెట్టుకునేవాడు. ఇప్పుడు పొయ్యి ముందు నిలబడి, ఏది ముందు వేయాలో తోచక తిరిగి వచ్చేస్తున్నాడు. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుంటున్నాడు. కాజీపేట మీదుగా వెళ్లే రైళ్ల వేళలు మాత్రం ఇప్పటికీ ఫోనులో చూస్తూనే ఉంటాడు. డాక్టరు గారు డిప్రెషన్ అని మందులు రాశారు. నాన్న బద్ధకం అంటున్నారు. ఏమనుకోవాలి?
– ఒక అక్క, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపినది టీ సంగతి. ఏళ్ల తరబడి చేసిన పని చేతకాకుండా పోవడాన్ని బద్ధకం అనలేం. అమెరికాలో డోరా రేమేకర్ బృందం ఆటిజం ఉన్న పెద్దల అనుభవాలను సేకరించి, 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిస్టిక్ బర్నౌట్‌ను వివరించింది. సాధారణంగా మూడు నెలలు, అంతకు మించి సాగే తీవ్రమైన అలసట, వచ్చిన పనులు రాకుండా పోవడం, శబ్దాలూ వెలుతురూ తట్టుకునే శక్తి తగ్గడం దాని ప్రధాన లక్షణాలు. మీరు రాసిన వాటిలో మూడూ కనిపిస్తున్నాయి. రోజంతా నలుగురిలాగే కనిపించడానికి తనను తాను అదుపులో పెట్టుకోవడం, మార్పులు వచ్చిపడటం, ఊరట దొరకకపోవడం కలిసి ఈ స్థితికి తెస్తాయి.

ఇది వైద్య వర్గీకరణల్లో ప్రత్యేక నిర్ధారణగా లేదు గనుక, డాక్టరు గారు తమకు తెలిసిన పేరు పెట్టడం సహజమే. డిప్రెషన్‌లో ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి సన్నగిల్లడం సాధారణం. మీ తమ్ముడికి రైళ్ల మీద మనసు ఉంది, మిగతా వాటికి ఓపిక లేదు. ఈ తేడాను డాక్టరు గారికి తప్పక చెప్పండి. అయితే రెండూ కలిసి ఉండవచ్చు కాబట్టి మందులు మీ అంతట మీరు ఆపవద్దు. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, నిద్ర సమస్యలు కూడా ఇలాంటి అలసట తెస్తాయి. ఆ పరీక్షలు ముందే చేయించండి.

బర్నౌట్‌ను అంచనా వేయడానికి ప్రశ్నావళులు వస్తున్నాయి గానీ, వాటి అంకెలతోనే తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. వైకల్య ధ్రువపత్రం కోసం మన దేశంలో వాడే ఇసా స్కేలు ఆటిజాన్ని కొలుస్తుంది, ఈ అలసటను కొలవదు. అతన్ని పోల్చవలసింది ఏడాది కిందటి అతనితోనే. నిద్ర, తిండి, స్నానం, మాట, ఏ శబ్దం భరించలేకపోయాడు, సెలవు రోజున ఎంత తేరుకున్నాడు అన్నవి రెండు వారాలు నోటుబుక్కులో రాసి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక విభాగానికో, మీ డాక్టరుకో చూపండి. అతను నోటితో చెప్పలేకపోతే వాట్సాప్‌లో రాయమనండి.

ఈలోగా పెళ్లిళ్లకూ పేరంటాలకూ రమ్మని బలవంతపెట్టవద్దు. “నలుగురిలో తిరిగితే అదే పోతుంది” అన్న సలహా ఇలాంటి వారిని మరింత కుంగదీయగలదు. ఆఫీసులో గోల తక్కువున్న చోట సీటు అడగవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునన్నా, మీకు అనుమానం తోచినా, అతన్ని ఒంటరిగా వదలక అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.