కవలల స్కాన్ తేదీలు: "ఒకే మాయ" (ప్లాసెంటా) అన్న మాట కౌంటర్‌లో ముందే చెప్పండి

మీకు ఇప్పుడు 11వ వారం, కవలలు. స్కాన్‌కి వెళ్ళిన ప్రతిసారీ మూడు గంటలు కూర్చోబెడుతున్నారు, ఇచ్చిన తేదీని వాళ్ళే మార్చేస్తున్నారు, ఆఫీసులో సెలవులు కరిగిపోతున్నాయి, బెంగళూరులో ఇది మామూలేనా, భరించాల్సిందేనా అని అడిగారు.

కూర్చోబెట్టడం మామూలే అండీ. తేదీ మార్చడం మాత్రం ఒప్పుకోకండి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. మొదటిది మన ఓపికకు సంబంధించింది. రెండోది పిల్లలకు సంబంధించింది.

మాది ప్రొద్దుటూరు, మేం ఉండేది కుందలహళ్ళిలో. నా కవలలకు మూడేళ్ళు దాటాయి. ఆ ఒక్క గర్భంలో నాకు 16 స్కాన్లు చేశారు. అందులో ఒక్కటి కూడా చెప్పిన టైముకు మొదలు కాలేదు. ఆ పదిహేను సంగతీ వదిలేసి ఒక్కటి చెప్తాను, మీ ప్రశ్నకు అదే జవాబు.

2022 సెప్టెంబర్ 4, ఆదివారం రాత్రి పడిన వాన ఇక్కడ ఉన్నవాళ్ళు ఎవరూ మరచిపోలేదు. తెల్లారేసరికి బెళ్ళందూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు చెరువైపోయింది. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళను ట్రాక్టర్ల మీద దాటించారు. ఆ సోమవారం నాకు సరిగ్గా 18 వారాలు. పొద్దున 10 గంటలకు స్కాన్. ఎనిమిదికి ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది: ఈ రోజు స్కాన్లు లేవు, మీ అపాయింట్‌మెంట్ 16వ తేదీకి మార్చాం.

స్కాన్లు లేకపోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ నీళ్ళలో డాక్టరు మాత్రం ఎలా వస్తారు? కానీ 16 ఎందుకు? ఫోన్ చేస్తే కౌంటర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "20 వారాలకు ఎలాగూ అనామలీ స్కాన్ ఉంటుంది కదా మేడమ్, రెండూ కలిపి ఒకేసారి చేసేస్తారు. మీకు ఒకసారి రావడం తప్పుతుంది." బిడ్డ అవయవాల్లో లోపాలు ఉన్నాయేమో చూసే స్కాన్, మన ఊళ్ళలో టిఫా అంటామే, అదే ఇక్కడ అనామలీ స్కాన్. ఆమె నాకు మేలు చేస్తున్నాననే అనుకుంది.

నా కడుపులో ఇద్దరిదీ ఒకే మాయ. సంచులు రెండు, బిడ్డలకు ఆహారం అందించే మాయ ఒకటి. 12వ వారంలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచేది) చేసిన డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఒకే మాయ అయితే ఇద్దరి రక్తనాళాలూ అందులో కలిసి ఉంటాయి. ఒక బిడ్డ నుంచి రెండో బిడ్డకు రక్తం ఎక్కువగా వెళ్ళిపోవడం మొదలైతే, ఇచ్చే బిడ్డ సంచిలో ఉమ్మనీరు తగ్గిపోతుంది, పుచ్చుకునే బిడ్డ సంచిలో పెరిగిపోతుంది. ఒకే మాయ ఉన్న కవలల్లో పది, పదిహేను శాతం గర్భాల్లో ఇలా జరుగుతుంది. టైముకు పట్టుకుంటే ఆ నాళాలను లేజర్‌తో మూసే చికిత్స ఉంది. పట్టుకోవాలంటే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి చూడాల్సిందే, ఎందుకంటే మొదట్లో తల్లికి ఏమీ తెలియకపోవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. అన్నం తింటూ ఆఫీసు పని చేసుకుంటూ ఉంటాం, లోపల అది జరిగిపోతూ ఉంటుంది.

నా 16 వారాల స్కాన్ ఆగస్టు 22న అయింది. సెప్టెంబర్ 16 దాకా ఆగితే 25 రోజులు. ఈ లెక్క ఫోన్‌లో చెప్పాను. "స్లాట్స్ లేవు మేడమ్" అంది. మంగళవారం మళ్ళీ చేశాను, అదే మాట. యాప్‌లో చూస్తే ఆ వారమంతా ఎర్రగా ఉంది. బుధవారం పొద్దున అమ్మను తీసుకుని అపాయింట్‌మెంట్ లేకుండానే బయల్దేరాను.

అమ్మకు అసలు ఇష్టం లేదు. "ఇద్దరు బిడ్డలను కడుపులో పెట్టుకోని ఈ బురదలో పోవాల్నా పాపా? ఓ వారం ఆగితే ఏమయితాది?" అంది. "ఏమవుతుందో తెలియకనే పోతున్నామ్మా" అన్నాను. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. టిఫిన్ బాక్సులో పెరుగన్నం కలిపి పెట్టుకుంది. కొన్నిచోట్ల నీళ్ళు తగ్గాయి కానీ మారతహళ్ళి బ్రిడ్జి దాటాక బళ్ళు కదలలేదు. సర్జాపుర రోడ్డు వైపు ఉన్న ఆస్పత్రికి చేరడానికి రెండు గంటల పైన పట్టింది.

కౌంటర్‌లో అదే అమ్మాయి. "మీది 16న కదా?" ఉంది, కానీ ఆగలేను అన్నాను. అప్పుడామె నా పక్కన నిలబడిన ఇంకో గర్భిణిని చూపించి అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "ఈ మేడమ్‌కి కూడా కవలలే. నాలుగు వారాలకోసారి వస్తారు. మీకెందుకు అంత టెన్షన్? స్వల్ప వెయిట్ మాడి." కాస్త ఆగండి అని కన్నడంలో.

నేను ఆవిడనే అడిగాను, ఒక మాయా రెండా అని. ఆవిడది హిందూపురం, తెలుగులోనే మాట్లాడింది. ఫైల్ తీసి చూసింది, రెండు మాయలు. రెండు మాయలైతే ఎవరి రక్తం వాళ్ళదే, ఏ తేడా లేకపోతే నాలుగు వారాలకోసారి చూసినా సరిపోతుంది. ఆవిడ తేదీ ఆవిడకు సరైనదే. దాన్ని తెచ్చి నాకు అంటగట్టడమే తప్పు. ఆ కంప్యూటర్‌లో "గర్భిణి", "కవలలు" అని మాత్రమే ఉంది. ఒకే మాయ, రెండు మాయలు అని నొక్కడానికి చోటే లేదు. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. అడిగితే తనే ఒప్పుకుంది, పాపం.

స్కాన్ గది తలుపు దగ్గర పేర్లు పిలిచే నర్సమ్మ ఉంది. ఆమెకు నా ఎన్‌టీ రిపోర్ట్ చూపించి, మోనోకోరియానిక్, అంటే ఒకే మాయ, అన్న మాట మీద వేలు పెట్టాను. చదివి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో డాక్టరే బయటికి వచ్చారు. ఫైల్ చూసి, "చివరి స్కాన్ ఎప్పుడు?" అని ఒక్కటే అడిగారు. ఆగస్టు 22 అన్నాను. "లంచ్ టైములో చూస్తాను, ఎక్కడికీ వెళ్ళొద్దు" అన్నారు. 9 రోజుల తర్వాత తప్ప ఖాళీ లేదన్న చోట మూడు గంటల్లో ఖాళీ దొరికింది.

మధ్యాహ్నం రెండున్నర దాటాక పిలిచారు. మామూలుగా డాక్టరు మాట్లాడుతూ చేస్తారు, ఇది తల, ఇది చెయ్యి అని. ఆ రోజు మాట్లాడలేదు. ఒక సంచిలో నీళ్ళు కొలిచారు, రెండో సంచిలో కొలిచారు, మళ్ళీ మొదటిదానికి వచ్చారు. ఇద్దరి మూత్రాశయాలూ కనిపిస్తున్నాయా అని వెతికారు. నేను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను. చివరికి చెప్పారు: ఒక సంచిలో నీటి లోతు 2.6 సెంటీమీటర్లు, ఇంకొక దానిలో 7.1. ఒక సంచిలో రెండు కంటే తగ్గి, రెండో దానిలో ఎనిమిది కంటే పెరిగితే అప్పుడు ఆ జబ్బు అంటారు. "ఇంకా గీత దాటలేదు. కానీ ఇక రెండు వారాలు కాదు, ప్రతి వారం రండి" అన్నారు. ఫైల్ అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాశారు, ఒకే మాయ, వాయిదా వేయరాదు అని. దాని కింద సంతకం పెట్టారు.

అమ్మ బయట పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. తను కూడా తినలేదు.

తర్వాత 22 వారాల దాకా ప్రతి వారం వెళ్ళాను. 20వ వారం నుంచి ఆ తేడా తగ్గుతూ వచ్చింది, లేజర్ దాకా పోలేదు. సంక్రాంతికి వారం ముందు, 36 వారాలకు సిజేరియన్ చేశారు. 16వ తేదీ దాకా ఆగి ఉన్నా మా పిల్లలు బాగానే ఉండేవాళ్ళేమో. ఆ మాట మా బంధువులు చాలామంది అన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. గీతకు సెంటీమీటరు లోపు దూరంలో ఉన్నామని తెలియకుండా ఇంకో 9 రోజులు గడపడం ఏ తల్లికీ సరైన పని కాదు. ఆ ఎర్ర అక్షరాలు చూశాక ఆ ఆస్పత్రిలో మళ్ళీ ఒక్కసారి కూడా నా తేదీ మార్చలేదు. అంటే మార్చకుండా ఉండటం వాళ్ళకు మొదటి నుంచీ చేతనవుతుంది కదా!

ఇంకో విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కవలలని తెలియగానే నేను వెళ్ళిన ప్రతిచోటా స్కాన్ ఫీజు ఎక్కువ తీసుకున్నారు. ఇద్దరిని చూడాలి కాబట్టి అది న్యాయమే అనుకుందాం. మరి స్లాట్ ఒక్క బిడ్డకు ఇచ్చినంతే ఎందుకు ఇస్తారు? ఇద్దరు పిల్లల తల, పొట్ట, తొడ ఎముక, నీళ్ళు, రక్త ప్రసరణ అన్నీ చూడటానికి పావుగంట ఎలా చాలుతుంది? నాది ముప్పావుగంట పట్టేది. నా తర్వాత ఉన్నవాళ్ళందరూ నన్ను చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు. వాళ్ళ ఆలస్యానికి కారణం నేను కాదు, ఆ స్లాట్ రాసిన పద్ధతి. మీకు చోటిచ్చేటప్పుడే "రెండు స్లాట్లు కలిపి వేయండి" అని అడగండి. నాకు తెలిసి అడిగినవాళ్ళకు వేస్తారు.

తాగే నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మొదటి వారాల్లో తప్ప ఆ తర్వాత మూత్రాశయం అంత నిండి ఉండాల్సిన అవసరం సాధారణంగా పడదు. కౌంటర్‌లో మాత్రం అందరికీ ఒకటే పాట, లీటరు నీళ్ళు తాగి రండి, బాత్రూమ్‌కి వెళ్ళకండి అని. కవలల బరువుతో, మూడు గంటలు, ఆ ఇనుప కుర్చీల మీద! స్కాన్ చేసే డాక్టరునో నర్సునో అడిగి, అక్కర్లేదంటే హాయిగా వెళ్ళి రండి. లోపల వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే కళ్ళు తిరగవచ్చు, పొట్ట బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. నాకు 28వ వారంలో అలాగే అయింది, చెమటలు పట్టేశాయి. మొహమాటపడకుండా చెప్పండి, ఎడమ పక్కకు ఒత్తిగిల్లనిస్తారు.

రిఫరల్ చీటీ లేక వెనక్కి పంపడం ఇంకో గొడవ. లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ నింపాలి, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని మనం సంతకం పెట్టాలి. ఆ చట్టం ఉండాల్సిందే, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. నా ఫోన్‌కి ఎంతమంది "ఇద్దరూ మగపిల్లలేనా" అని అడిగారో తలుచుకుంటే అది ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. కాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే రాబోయే స్కాన్లకు ఏ వారంలో ఏది అని చీటీలన్నీ రాయించుకోండి. ఆధార్ కార్డుతో పాటు ఫైల్‌లోనే ఉంచండి. నేను ఆ పని 20 వారాల తర్వాత గానీ చేయలేదు. అంతకు ముందు చీటీ కోసమే రెండు అరపూట సెలవులు పోయాయి.

చోటు దొరకలేదని స్కాన్ సెంటర్లు మార్చకండి. మొదటి స్కాన్‌లో కింద ఉన్న బిడ్డ "ఏ", పై బిడ్డ "బి" అని పెట్టుకుంటారు. ఇంకోచోట ఇంకొకరు చూస్తే ఆ పేర్లు తారుమారు కావచ్చు. అప్పుడు ఏ బిడ్డ పెరుగుదల ఆగిందో లెక్క తప్పుతుంది. ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళే ఆనవాయితీ ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. మా అత్తయ్య సీమంతం అయ్యాక ప్రొద్దుటూరు పంపుదామన్నారు. నేను వెళ్ళలేదు, అమ్మే వచ్చి మా దగ్గర ఉంది. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. ఆ సమయంలో పసిపిల్లల ఐసీయూ ఉన్న ఊళ్ళో, మన ఫైల్ తెలిసిన డాక్టరు దగ్గర ఉండటమే మేలు.

మీకు 11వ వారం అన్నారు కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. రేపు పొద్దున ఫోన్ చేసి ఎన్‌టీ స్కాన్ తేదీ అడగండి. 13 వారాల 6 రోజులు దాటితే అది చేయరు. 14 వారాలు నిండాక ఖాళీ ఉందంటే ఒప్పుకోకండి. మాయ ఒకటా రెండా అన్నది కూడా ఆ లోపే బాగా తేలుతుంది. పిల్లల మధ్య పొర మాయను తాకే చోట మాయ చొచ్చుకొచ్చి త్రికోణంలా కనిపిస్తే రెండు మాయలు, పొర సన్నగా ఇంగ్లీషు టీ అక్షరంలా నిలబడితే ఒకటి. వారాలు గడిచేకొద్దీ ఆ తేడా చెప్పడం కష్టమవుతుంది. ఆ చోటు ఫోటో రిపోర్ట్‌లో పెట్టమనండి, ఎన్ని మాయలో అక్షరాల్లో రాయమనండి.

రిపోర్ట్ వచ్చాక ఏమని ఉందో ఈ జవాబు కిందే చెప్పండి. ఒకే మాయ అని ఉంటే, 16వ వారం నుంచి నేను తేదీలు ఎలా వేసుకున్నానో డైరీలో రాసిపెట్టుకున్న పేజీ ఇంకా ఉంది, ఆ రోజే టైప్ చేసి పెడతాను.