అడ్వాన్సు ఇచ్చే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

సికింద్రాబాదు దగ్గర యాప్రాల్‌లో మిలటరీ గోడ పక్కనున్న అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు చూశావనీ, వచ్చే నెలలో పాలు పొంగించాలని అనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. అల్లుడు దూరదేశంలో ఉండగా, అత్తగారినీ పసిదాన్నీ వెంటబెట్టుకొని నీ జీతంతో నువ్వే ఇల్లు కుదుర్చుకుంటున్నావంటే నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అద్దె కరారు రాయించుకో, అడ్వాన్సుకు రసీదు తీసుకో. కుళాయి నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరు భరిస్తారో యజమానిని కాదు, వాచ్‌మన్ భార్యను అడుగు. రేపు ఎవరైనా అదే ఫ్లాటును నీకు చవకగా అమ్ముతామంటే, రక్షణశాఖ స్థలాల పక్కన కట్టడాలపై ఆంక్షలు పెట్టడానికి 1903 నాటి చట్టం ఒకటి ఉందని గుర్తుంచుకొని, అనుమతి పత్రాలన్నీ వకీలుకు చూపించకుండా పైసా ఇవ్వకు.

అసలు సంగతి దారి. సికింద్రాబాదు కంటోన్మెంటుకు, అంటే అక్కడి సైనిక స్థావరానికి, రెండు వందల ఏళ్ళు దాటాయి. ఆ ఊరికి నిజాం నవాబు సికందర్ జా పేరు పెట్టిందే 1806లో. మన కాలనీలు తరువాత ఎప్పుడో ఆ సైనిక భూముల అంచున మొలిచినవి. అందుచేత మనకు దగ్గరి దారి అనిపించే రోడ్డు చాలాచోట్ల వాళ్ళ రోడ్డే అవుతుంది. 2018లో దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమని రక్షణశాఖ ఆదేశించింది కానీ, గేటన్నది ఉన్నాక ఏదో ఒకనాడు మూస్తారు. అద్దె తక్కువ కావడానికి అదీ ఒక కారణం.

మేము అటువైపు కాపురమున్నప్పుడు నేను ఆ ఇంటిని పగలు పదకొండు గంటలకు చూసి ఒప్పుకున్నాను. మిలటరీ రోడ్డు మీదుగా ఆఫీసుకు పదిహేను నిమిషాలని లెక్క వేసుకొని మురిసిపోయానే కానీ, రెండో దారి ఎటు పోతుందో ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. మూడో ఏట ఒక రాత్రి ఒంటిగంటకు నానమ్మకు ఆయాసం వచ్చింది. పీల్చే మందు డబ్బా ఖాళీ అయిపోయింది. అంబులెన్సు కోసం ఎదురుచూడలేక ఆమెను స్కూటరు వెనుక కూర్చోబెట్టి, నా నడుముకు తువ్వాలుతో కట్టుకొని బయలుదేరాను. గేటు మూసి ఉంది. కాపలా ఉన్న కుర్రవాడు టార్చి వెలుగు కిందికి దించి, రాత్రివేళ బయటివాళ్ళను పంపే అధికారం తనకు లేదని హిందీలో మర్యాదగానే చెప్పాడు. నేను అరిచాను. నా ఉద్యోగం పేరు చెప్పాను, తెలిసినవాళ్ళ పేర్లు చెప్పాను. అతడు పైవాళ్ళకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆ సేపంతా నానమ్మ నా భుజం మీద వేళ్ళతో తట్టుతూనే ఉంది. భయపడుతోందనుకొని ఆమె చేతిని గట్టిగా పట్టుకొని ఇంకా పెద్దగా వాదించాను. పావుగంట పోయాక స్కూటరు తిప్పి, తెలియని సందుల్లోకి దిగి, ఒకచోట దారి మూసుకుపోతే వెనక్కి మళ్ళి, ఆసుపత్రికి చేరేసరికి ఆమె పెదవులు నీలమయ్యాయి. దేవుడి దయవల్ల బతికింది. రెండు రోజుల తరువాత, ఊపిరి కుదుటపడ్డాక, ఎందుకమ్మా అలా తట్టావని అడిగితే, "బండి తిప్పరా అని చెప్తున్నాను, నీకు వినపడలేదు" అన్నది. ఆ కుర్రవాడి తప్పేమీ లేదమ్మలూ. దారి తెలుసుకోకపోవడం నా తప్పు, తెలియదన్న సంగతి అక్కడ ఒప్పుకోలేక నిలబడిపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఈనాటికీ నా కుడి భుజానికి ఆ వేళ్ళు తగులుతున్నట్టే ఉంటుంది.

మీ అత్తగారికి గుండె ఆపరేషన్ అయ్యి ఇంకా ఏడాది నిండలేదు. ఇది తెలిసి కూడా పగటిపూట ఒక్కసారి చూసి ఇల్లు ఖాయం చేశావంటే, నీకు చదువెందుకు చెప్పించామే అని కోపం వచ్చింది. వచ్చిన కోపం నీ మీద కాదని తరువాత తెలిసింది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. తెల్లవారుజామున గోడ అవతలి నుంచి వచ్చే బ్యూగిల్ మోత నీ కూతురికి అలారం అవుతుంది. క్వార్టరు దొరికేవరకు బయట అద్దెకుండే జవాన్ల కుటుంబాలు నీ పక్క వాటాల్లోకి వస్తాయి. చపాతీలు పంపుతారు, రెండేళ్ళకు బదిలీ మీద వెళ్ళిపోతారు. అప్పుడు పసిది ఏడుస్తుంది, దగ్గర కూర్చోబెట్టుకో. వాళ్ళ భర్తలు ఎక్కడున్నారో ఎప్పుడొస్తారో ఫోనులో ఎవరికీ చెప్పకు. బాల్కనీలోంచి గోడ అవతలికి ఫోటోలు తీయకు. బంతి అటు పడితే పోనీయమను, కొత్తది నేను కొనిస్తాను. మిలటరీ క్యాంటీను మందు సీసాలు తెచ్చిపెడతామని వచ్చేవాళ్ళను గుమ్మంలోంచే పంపెయ్యి.

శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. రాత్రి పదకొండు దాటాక నీ స్కూటరు మీద ఇద్దరం ఆ ఇంటి నుంచి ఆసుపత్రికి మిలటరీ రోడ్డు ఎక్కకుండా, సైనిక్‌పురి వైపు చుట్టుదారిలో వెళ్ళి ఎంతసేపు పడుతుందో చూద్దాం. నువ్వే నడుపు, నేను వెనుక కూర్చుంటాను. అంతవరకు అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ పెదనాన్న