రోజూ దూకుతున్నా 3.6 మీటర్ల దగ్గరే ఆగిపోతున్నావా?

"సార్, కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయ్యాను. 1600 మీటర్లు టైమ్‌లోనే అవుతోంది గానీ లాంగ్ జంప్ 3.6 దాటట్లేదు. పొద్దున పరుగు అయ్యాక రోజూ ముప్పై నలభై సార్లు దూకుతున్నా. జిమ్‌లో చేరాలా? ఇది పోతే నాకు ఇంకేం దారి ఉంది?" అని నిజామాబాద్ జిల్లా నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు.

తమ్ముడూ, ముందు ఆ నలభై జంపులు ఆపు. దమ్ము పెరగాలంటే అలసిపోవాల్సిందే, కానీ జంప్ అనేది నైపుణ్యం, అలసిన కాళ్లతో దూకితే ఒళ్లు నేర్చుకునేది ఆ అలసిన జంప్‌నే. వార్మప్ అవగానే, పరుగుకు ముందు, రోజు విడిచి రోజు ఎనిమిదో పదో దూకు, మధ్యలో రెండు మూడు నిమిషాలు నడువు.

తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టింది 4 మీటర్లు. నీకు తక్కువపడే 40 సెంటీమీటర్లు జిమ్‌లో కన్నా రనప్‌లోనే, అంటే దూకే ముందు తీసే పరుగులోనే దొరుకుతాయని నా అనుమానం. దూకే గీత దగ్గర ఇసుకకు వీపు పెట్టి నిలబడి, రనప్ దారిలోకి పరుగెత్తు, పన్నెండో అడుగు పడినచోట ఫ్రెండ్‌తో గుర్తు పెట్టించు, ఇక ప్రతిసారీ అక్కడి నుంచే, అదే కాలితో. చాలామంది గీత దాకా వచ్చి అడుగు సరిచూసుకుంటూ స్పీడ్ చంపేసుకుంటారు. ఇంకోటి, ఇసుకలో గీతకు దగ్గరగా పడిన గుర్తు నుంచే కొలుస్తారు, దిగాక వెనక్కి చెయ్యి ఆనించావంటే 3.9 కాస్తా 3.5 అయిపోతుంది. గాల్లో మోకాలు ఎక్కడ, చెయ్యి ఎక్కడ అని ఆలోచించకు, 4 మీటర్ల దగ్గర రిబ్బన్ పెట్టి దాని అవతలికి దూకు.

జంపుల మధ్యమధ్యలో షాట్‌పుట్ గుండు కూడా వేయి. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో వేర్వేరు చేతి కదలికలను ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా కలగలిపి ప్రాక్టీస్ చేసినవాళ్లు ముందు తడబడ్డారు, తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం వాళ్లే మెరుగ్గా చేశారు. గ్రౌండ్‌లో తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించదనుకో, అయినా ఖర్చేముంది?

పరీక్ష రోజున పరుగు ముందు, జంప్ తర్వాత. అందుకే చివరి నెలలో వారానికోసారి 1600 అయ్యాక కాసేపాగి మూడంటే మూడే జంపులు చేయి.

ఇది పోతే అన్నావు కదా, డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, రెండేళ్ల బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయొచ్చు. దాని ఫిజికల్ టెస్టుల్లోనూ పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హైజంప్ ఉంటాయి కాబట్టి ఇప్పటి ప్రాక్టీస్ వృథా పోదు.