నది ఒడ్డున ఒక రాత్రి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వచ్చే శని, ఆదివారాల్లో స్నేహితులం ఆరుగురం నది ఒడ్డున టెంట్లు వేసుకుని ఒక రాత్రి ఉండాలనుకుంటున్నాం. నీళ్ల పక్కనే ఉన్న ఇసుక తిన్నె మీద వేద్దామని మిగతా వాళ్లందరి పట్టు. వానలు లేవు కదా, భయమెందుకు అంటున్నారు. నాకే మనసొప్పడం లేదు. ఇది అనవసరపు టెన్షనా?

జవాబు: అనవసరం కాదమ్మా. ఆ తిన్నె పగలు కూర్చోవడానికి బాగుంటుంది, రాత్రి పడుకోవడానికి పనికిరాదు. నది పొంగినప్పుడు మోసుకొచ్చి, తగ్గేటప్పుడు వదిలేసి వెళ్లిన ఇసుక అది. అంటే నీళ్లు అక్కడిదాకా వచ్చి వెళ్లాయన్నమాట.

వానలు లేవు కదా అన్న మాట దగ్గరే చాలామంది పొరపడతారు. మీ నెత్తిన ఒక్క మబ్బు లేకపోయినా ఎగువన కొండల్లో కురిసిన వాన కొన్ని గంటలకు మీ దగ్గరికి చేరవచ్చు. వాన ఊసే లేకపోయినా, ఎగువన డ్యాం ఉండి గేట్లు ఎత్తితే నది ఉన్నట్టుండి పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. హైదరాబాద్ నుంచి విహారానికి వెళ్లిన పిల్లలు. ఆ వార్త నేను మరిచిపోలేదు. ఎవరు ఏ నదికి వెళ్తామన్నా ఇప్పటికీ ముందు అడిగేది ఒక్కటే: ఎగువన ఏముంది? డ్యాం ఉందా, నీళ్లు ఎప్పుడు వదులుతారు, సైరన్ మోగిస్తారా? ఇవి అక్కడి జాలర్లనో పశువులు కాసేవాళ్లనో అడగండి. ఫోన్‌లో కనిపించే వాతావరణం మీరున్న చోటికే కాదు, నది పుట్టి వచ్చే వైపుకు కూడా చూసుకోవాలి.

ఇక చోటు. పొద్దుగూకడానికి కనీసం రెండు గంటల ముందే చేరుకోండి, చీకట్లో చోటు వెతకడం కుదిరే పని కాదు. వెళ్లగానే సామాను దించకుండా ఒడ్డున ఉన్న పొదల్ని చూడండి. కొమ్మలకు ఎండుగడ్డి, ప్లాస్టిక్ పీలికలు, పుల్లలు చుట్టుకుని, అన్నీ దిగువ వైపుకే వాలి కనిపిస్తాయి. కొన్నిచోట్ల అవి మనిషి తల కంటే ఎత్తులో ఉంటాయి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే గుర్తులవి. టెంటు వాటికి పైన ఉండాలి. గట్టు మీద కూడా కోత పడి అంచు వేలాడుతున్న చోట వద్దు. నది మధ్యలో ఉన్న లంక మీద అసలు వద్దు, రాత్రి రెండు పాయలూ పెరిగితే ఎటూ రాలేరు.

చిన్న వాగు వచ్చి నదిలో కలిసేచోట నేల చదునుగా, టెంటు కోసమే చేసినట్టు ఉంటుంది. దాన్ని నమ్మకండి. వాగు ఏళ్ల తరబడి తెచ్చి పోసిన రాళ్లూ మట్టీ పరుచుకునే ఆ నేల అలా చదునైంది. స్పెయిన్‌లోని బియేస్కాస్ దగ్గర సరిగ్గా అలాంటి నేల మీద క్యాంపింగ్ స్థలం నడిచేది. 1996 ఆగస్టు 7న కొండల మీద పెద్ద వాన పడి, ఆ వాగు పొంగి 87 మంది పోయారు.

టెంట్లు వేశాక నీటి అంచున ఒక పుల్ల గుచ్చి ఉంచండి. పడుకోబోయే ముందు టార్చి వేసి చూడండి, మధ్యలో మెలకువ వస్తే మళ్లీ చూడండి. నీటి గీత పుల్ల దాటినా, తేటగా ఉన్న నీళ్లు మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా, హోరు మారినా అందర్నీ లేపి ఎత్తుకు వెళ్లిపోండి. టెంటు విప్పుతూ కూర్చోకండి, పోతే పోనివ్వండి. దారి కూడా పగలే ఒకసారి నడిచి చూసుకోవాలి. బండి కూడా నది ఒడిలో ఆపొద్దు.

ప్రశ్న: మా గుంపులో ఒకడు మందు తాగాక నీళ్లలోకి దిగుతాడు. వద్దంటే, నాకు ఈత వచ్చు అంటాడు. గొడవ పడకుండా ఎలా ఆపాలి?

జవాబు: తాగిన తర్వాత చెప్పకండి తమ్ముడూ, అప్పుడు ఎవరి మాటా చెవికెక్కదు. బయల్దేరే ముందే, అందరూ ఉన్నప్పుడు, ఒకే మాట అనుకోండి: నీళ్లలో దిగేది పగలే, మందు ముట్టకముందే. ఒక్కడిని వేలెత్తి చూపకుండా అందరికీ ఒకే నియమం అంటే అతనికీ చిన్నతనంగా ఉండదు. ఒప్పుకోకపోతే సీసాలు ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. దీనికి స్నేహం చెడితే మళ్లీ కలుపుకోవచ్చు.

ఈత వచ్చు అన్నది చెరువులో మాట. నదిలో వడి రెట్టింపైతే మనిషి మీద పడే తోపుడు నాలుగు రెట్లు అవుతుంది. వడిగా పారే నీళ్లు చీలమండ దాటితేనే పెద్దమనిషి కాలు నిలవదు. ఇసుక తవ్విన చోట నీటి కింద గుంతలుంటాయి, మోకాలి లోతులో వేసిన అడుగు మరుసటి క్షణం తల మునిగే లోతులో పడుతుంది. కొట్టుకుపోతుంటే నిలబడాలని చూడకూడదు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీటి తోపుడే మనిషిని ముంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువ వైపుకు చాపి, చేతులతో నెమ్మదిగా ఒడ్డు వైపు జరగాలి.

ఒకరు మునుగుతుంటే ఇంకొకరు దూకడం, ఇద్దరూ పోవడం ఎన్నిసార్లు వింటున్నామో. అందుకని ఒక వస్తువు తప్పక పట్టుకెళ్లండి. ఐదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో కాసిని నీళ్లు ఉంచి మూత బిగించండి. పిడికి 15 నుంచి 20 మీటర్ల గట్టి తాడు కట్టండి. ఆ కాసిని నీళ్ల బరువు వల్ల డబ్బా దూరం వెళ్తుంది, లోపలి గాలి వల్ల తేలుతుంది. విసిరేవాళ్లు తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు, ఒడ్డున కూర్చుని మడమలు నేలకు తన్నిపెట్టి లాగాలి. మధ్యాహ్నమే ఒకసారి అందరూ విసిరి చూడండి.

ప్రశ్న: నది నీళ్లు తేటగా ఉంటే తాగొచ్చా? రాత్రి చలికి టెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా?

జవాబు: తేటగా కనిపించినంత మాత్రాన నీళ్లు మంచివి కావు. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లడమే మేలు. తప్పకపోతే మట్టి పేరుకోనిచ్చి, శుభ్రమైన బట్టలో వడకట్టి, తెర్లాక ఇంకో నిమిషం మరగనివ్వండి. 2000 మీటర్ల పైన ఉన్న కొండల్లోనైతే మూడు నిమిషాలు. దీంతో సూక్ష్మజీవులు చస్తాయి గానీ రసాయనాలు పోవు, అందుకే ఫ్యాక్టరీల దిగువన ఉన్న నీళ్లు మరిగించినా తాగొద్దు.

కుంపటి మాత్రం వద్దే వద్దు. మండుతున్న బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ప్రాణం తీస్తుంది. జిప్పు కాస్త తెరిచి పెడతాం అన్నా ఒప్పుకోను. చల్లగాలి పల్లానికి దిగుతుంది కాబట్టి నీటి పక్క కంటే గట్టు మీద చలి తక్కువే. కప్పుకునేది ఎంత ముఖ్యమో కింద పరిచేదీ అంతే ముఖ్యం, నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. బయట వేసుకున్న మంటను పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి ఆర్పండి. ఇసుక కప్పి వదిలేస్తే లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది, తెల్లారి ఒట్టి కాళ్లతో వచ్చే పిల్లలకు అది కనిపించదు.